యతి దగ్గర దొంగిలించిన ఊపిరి

ఆసుపత్రి పర్యవేక్షకులకు నమస్కారపూర్వకంగా వ్రాయునది.

వంగిన వెన్నెముక ఊపిరితిత్తులను నొక్కివేసిన మా వంటివారికి నడక నేర్పే అమ్మాయిని, నేను మీ వరండాలో స్పృహ తప్పి పడినందుకు, విధుల నుండి తప్పించారని తెలిసింది. తప్పు ఆమెది కాదు.

“తాతగారూ, కబుర్లు చెబుతూ నడవండి. మాట తెగిందా, ఆగిపోవాలి!” అని మొదటి రోజే చెప్పింది.

“పద్యం చదవనా?” అన్నాను.

“ఏదైనా ఊపిరితోనేగా!” అని నవ్వింది.

నలభై ఏళ్లు పద్యం చెప్పినవాణ్ణి. పిల్లలు చాటుగా గూని పంతులు అనేవారు. నా ఒంట్లో వంకర లేనిది గొంతొక్కటే. పాదం మధ్య విశ్రాంతి స్థానమైన యతి దగ్గర, వినేవారికి తెలియకుండా ఊపిరి దొంగిలించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆయాసం ఎగదన్నుకొస్తున్నా పాదం తెగనివ్వలేదు. “పద్యమంటే మీ ఆయాసానికి కూడా భయమేనండీ!” అని మురిసిపోయి, ఆమె వారం వారం నడక వేగం పెంచింది. ఇక చాలునమ్మా అనడానికి నాకు నోరు రాలేదు.

దయచేసి ఆమెను తిరిగి పిలవండి. నాకోసం కాదు, నన్ను ఇక ఆ వరండాలో నడిపించరాదని మీ వైద్యులు తేల్చివేశారు. అక్కడ ఇంకా తొమ్మిదిమంది ఆమె కోసం కూర్చుని ఉన్నారు.

ఇంట్లో మంచం నుండి కిటికీ వరకు పదకొండు అడుగులు. పద్యం చదవడం లేదు, వట్టి మాటలే. ఆరో అడుగు దగ్గర మాట తెగుతోంది. ఆమె చెప్పినట్టే ఆగిపోతున్నాను.

ఇట్లు,
తప్పు ఒప్పుకుంటున్న గూని పంతులు