ట్రైనీ జీతం, ఇంజనీరు అప్పు

అన్నయ్యా,

చదివిస్తున్నానంటూ కన్నకూతురిని అప్పులో దించింది నువ్వే. ఇక్కడ మేమంతా కులాసాగానే ఉన్నాం, నీ అమ్మాయి తప్ప.

నిన్న అది పనిచేసే పంపుల ఫ్యాక్టరీకి వెళ్ళాను. మెకానికల్ డిగ్రీ పూర్తయి రెండేళ్ళు దాటినా మెడలో కార్డు మీద ఇంకా "ట్రైనీ" అనే ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పుతున్నది మాత్రం అదే. సూపర్‌వైజరును నిలదీస్తే, "నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే ఎవరిస్తారమ్మా?" అన్నాడు. ఆ జీతంలో మూడొంతులు చదువు అప్పు వాయిదాకే పోతోంది.

"జీతం చుట్టపుచూపుగా వస్తుందత్తా, మంచినీళ్ళయినా తాగకుండా బ్యాంకుకు వెళ్ళిపోతుంది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నీకు చెప్పొద్దంది, నాన్న చిన్నబోతాడట.

చదువును నేను తప్పుపట్టను. ఇంజనీరు ఫీజు గుంజి ట్రైనీ జీతం చేతిలో పెట్టే ఈ బేరాన్ని తప్పుపడతాను. ఇప్పుడు దాని తమ్ముడినీ అదే కాలేజీలో, అదే అప్పుతో చేర్పిస్తావా?

వదిన మోకాలు ఎలా ఉందో రాయి. వాడి అప్పు కాగితాల మీద సంతకం పెట్టకు. నిరుడు బయటికొచ్చిన పిల్లల అసలు జీతాలెంతో కాలేజీవాళ్ళను అడుగు. అమ్మాయి వాయిదాలో సగం నువ్వు కట్టు. దానికి ఫోను చేసి, "ఇందులో నీ తప్పేం లేదమ్మా" అని నోరారా చెప్పు.

నీ చెల్లెలు