అడవితుంగ కషాయం, మీ అమ్మాయి మౌనం

అత్తయ్యగారికి,

మీ అల్లుడు రెండు చేతులూ జోడించి రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ మేం క్షేమం. మీరూ క్షేమంగా ఉండి, మీ మోకాళ్లు మీ మాట వింటున్నాయని తలుస్తాను. క్షేమం అని రాశానుగానీ అందులో నా వంతు కొంచెం తరుగు ఉంది. ఆ సంగతి కింద రాస్తాను. అంతవరకూ కంగారుపడకుండా చదవండి.

మొక్క బతికిందా అని అడిగారు. నిక్షేపంలా బతికింది. మీరు బస్సు డ్రైవరు చేత పంపిన తుంగను పాత నూనె డబ్బాలో నాటి, ఎండ తగలకుండా నీళ్ల గది పక్కన పెట్టాం. అడవిలో పెద్ద చెట్ల నీడన పెరిగిన ప్రాణం కదా, మొదట్లో బెంగ పెట్టుకుని వాడిపోయింది. ఇప్పుడు దానికి డబ్బా చాలడం లేదు.

అది అసలైన అడవితుంగేనా, దారిలో డ్రైవరు పారేసుకుని ఏదో గడ్డి పీకి ఇచ్చాడా అన్న అనుమానం కూడా మీకుంది. కాడ తుంచి వేళ్ల మధ్య దొర్లించి చూశాను. మీరన్నట్టే మూడు పలకలు తగిలాయి. ఇక ఆకు అంచు సంగతి నన్నడగండి. పాతికేళ్లుగా సెలూన్ నడుపుతున్నాను, కత్తికి ఏనాడూ వేలు ఇవ్వలేదు. ఈ ఆకు తాకీ తాకగానే బొటనవేలు కోసేసింది. మీ అమ్మాయి ఆ తుంగ కాడే నూరి పసరు పిండి కట్టు కట్టింది. రక్తం ఆగింది. సెలూన్‌కు వచ్చేవాళ్లకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. గడ్డికి వేలు కోసుకున్నవాడి ముందు మెడ ఎవరు చాపుతారు?

నా కడుపునొప్పి బొడ్డు చుట్టూనా, పక్కటెముకల కిందా అని మళ్లీ అడిగారు. దానికి వస్తున్నాను. ముందు కషాయం కాచిన రోజు ఏం జరిగిందో చెప్పాలి, లేకపోతే అది మీకు అర్థం కాదు.

అత్తయ్యగారూ, మీ మీద నాకు ఒక్కటే ఫిర్యాదు. వేరు తవ్వినవాళ్లు, రోగి కషాయం తాగి గ్లాసు కింద పెట్టేదాకా నోరు విప్పకూడదని మీ ఇంటి పద్ధతట. ఆ ముక్క మీ అమ్మాయికి చెప్పారు, బాగానే ఉంది. నా చెవిన కూడా వేసి ఉంటే మీ సొమ్మేం పోయేది? మీ అమ్మాయి సంగతి మీకు తెలియనిది కాదు. పగలంతా బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పి, ఇంటికొచ్చి ఆ బస్సులు ఎక్కినవాళ్ల సంగతులు చెప్పే మనిషి. అలాంటిది ఆదివారం నేను లేచేసరికి ఇంట్లో చడీచప్పుడూ లేదు. వంటింట్లో కూర్చుని, డబ్బాలోంచి తవ్విన తుంగ వేళ్లు రోట్లో దంచుతోంది. ఏమిటి సంగతి అన్నాను. నన్ను ఒక చూపు చూసి ఇంకా గట్టిగా దంచింది. నా గుండెల్లో రాయి పడింది.

నీళ్లు నాలుగో వంతుకు మరిగేదాకా మాట లేదు. కషాయం చల్లారేదాకా లేదు. గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, తాగమన్నట్టు గడ్డం ఎగరేసి, చేతులు కట్టుకుని నిలబడింది. నా గుట్టేదో తెలిసిపోయిందనుకున్నాను. నువ్వు మాట్లాడితేగానీ తాగనని నేను భీష్మించుకు కూర్చున్నాను. నేను తాగితేగానీ ఆవిడ మాట్లాడకూడదు. ఆ సంగతి నాకేం తెలుసు?

ఇక, దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకోవడం మొదలుపెట్టాను. పింగాణీ జాడీ పగలగొట్టింది పిల్లి కాదు, నేనేనన్నాను. కదల్లేదు. సెలూన్‌లో సబ్బుల వెనక వేయించిన పల్లీల డబ్బా దాచుకున్నానన్నాను. ఒక కనుబొమ్మ లేచింది. ఇదీ కాదు కాబోలనుకుని, మైకులో నీ గొంతు సెలూన్‌దాకా తేనెలా వినిపిస్తుందన్న మాట అబద్ధం, నేను రేడియో పెట్టుకుంటాను అని కక్కేశాను. ముఖం కందగడ్డ అయింది, పెదవి కొరుక్కుంది, మాట మాత్రం రాలేదు. నిరుడు మీరు పంపిన చూర్ణం గులాబీ మొక్కకు వేశానని కూడా చెప్పాను. మీరు నన్ను క్షమించాలి. ఆ మొక్క మాత్రం విరగబూసింది.

ఇక నా దగ్గర ఒక్కటే మిగిలింది. అదీ చెప్పేశాను. మీరడిగిన ప్రశ్నకు జవాబు కూడా అదే.

నొప్పి కుడివైపు పక్కటెముకల కింద, అత్తయ్యగారూ. అక్కణ్ణుంచి భుజందాకా పాకుతుంది. అక్కడ నొప్పయితే ఈ వేరు పనికిరాదు, డాక్టరు దగ్గరికి నడవమని మీరు ముందే అన్నారు. అందుకే అజీర్తి, ఉబ్బరం అని మీకు రాశాను. మొక్కకు సరిపోయే జబ్బు నేనే తయారుచేసుకున్నానన్నమాట. స్కానింగ్ ఎప్పుడో అయింది. పిత్తాశయంలో రాళ్లున్నాయి, కోసి తీయాలి, జాప్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు నా కుర్చీలోనే కూర్చుని, నా కత్తి కింద మెడ పెట్టి మరీ చెప్పాడు. "నేను నీ కత్తికి భయపడుతున్నానా?" అని దెప్పాడు కూడా. ఆయన నా దగ్గర మెలకువగా ఉంటాడు, నన్ను మత్తులో పడుకోబెడతారు. రెండూ ఒకటెలా అవుతాయి?

ఇదంతా అయ్యేసరికి మీ అమ్మాయి కళ్లు ధారలు కడుతున్నాయి. అప్పటికీ నోరు విప్పలేదు. వేలితో గ్లాసు చూపించింది. గుక్క తిప్పుకోకుండా తాగి కింద పెట్టాను. ఇక పిడుగు పడుతుందని కళ్లు మూసుకున్నాను.

"నేనుండగా ఇంత భయం మీరొక్కరే పడ్డారా?" అంది.

తర్వాత తిట్లూ పడ్డాయి, పల్లీల దగ్గర్నుంచి వరసగా. అవన్నీ రాస్తే కాగితం చాలదు. మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్లింది. వచ్చే శుక్రవారం ఆపరేషన్. మందు పనిచేసిందా అని మీరు అడుగుతారు. తాగకముందే పనిచేసింది.

ఇప్పుడు అసలు సంగతి. రోజు ఖాయమైన దగ్గర్నుంచి మీ అమ్మాయి మళ్లీ మాట్లాడటం లేదు. మైకు ముందు బాగానే ఉంటోందట. ఇంటికొస్తే తోమిన గిన్నెనే మళ్లీ తోముతుంది. ఏమిటంటే ఏం లేదంటుంది. ఈసారి ఏ వేరూ తవ్వలేదు. ఒప్పుకుని నోరు విప్పిద్దామంటే నా దగ్గర ఇంకో తప్పు కూడా మిగల్లేదు.

నాకు భయంగానే ఉంది. అది చెప్పుకోవడానికి నాకు ఆవిడ ఉంది. ఆవిడ భయం మాత్రం నాకు చెప్పదు, మీకైతే చెబుతుంది. శుక్రవారంలోగా రండి అత్తయ్యగారూ, మందేమీ తేనక్కర్లేదు. నన్ను లోపలికి తీసుకెళ్లాక బయట బల్ల మీద ఆవిడ ఒక్కతే కూర్చోకూడదు.

ఇట్లు,
కడుపులో రాళ్లే తప్ప ఇంకేమీ దాచుకోని
మీ అల్లుడు