మోనిషా ఎముకలకు కుంకుమ

హోసూరు, ఆదివారం

చౌడమ్మక్కకు నమస్కారాలు. ఫోనులో చెప్తే మీ ఇంట్లో అందరూ వింటారని కార్డు రాస్తా ఉండాను. నా బిడ్డ మోనిషాకు పుట్టుకతో రొమ్మెముక లోపలికి పోయి పడిన గుంటకు ఆపరేషన్ బాగా జరిగింది, దిగులు పడొద్దు.

ఆ గుంట గుండెను నొక్కతా ఉందని, ఎముక కింద వంచిన కమ్మీ పెట్టి ఎత్తాలని డాక్టర్లు చెప్పినారు. ఊపిరి తీస్తే కమ్మీ ఎంత బరువు మోయాలో కంప్యూటర్లో ముందే చూసినారు. బిడ్డ పక్కటెముకలను అచ్చంగా ప్లాస్టిక్‌లో చేసి, ఆస్పత్రి ఇంజనీరు సెల్వి నా చేతికిచ్చింది. కడుపులో మోసిన ఎముకలు చేతిలో కనిపించేసరికి, చెంగున ముడేసిన గుడి కుంకుమ తీసి గుంటలో పెట్టేసినాను.

"అయ్యో అమ్మా, ఇంకా కొలతలు తీయాల!" అనింది సెల్వి. తుడిచినా ఎరుపు పోలేదు. "పోనీలే, గుంట యాడుందో ఇప్పుడు బాగా తెలుస్తా ఉంది" అని నవ్వి, ఆ గుర్తు మీదనే కొలిచింది.

చంటిబిడ్డప్పుడు నువ్వు నీ చేత్తో నూనె రాస్తే ఆ గుంటలో నిలిచేది గదా. ఈ పొద్దు తడిగుడ్డతో తుడిస్తే నీటిబొట్టు నిలవకుండా జారిపోయిందక్కా. దేవుడు ఆ ఇంజనీరు పిల్ల చేతుల్లో ఉన్నాడు.

రాగిపిండి పంపు. ఎర్రావు ఈనిందా? పిల్లలకు ఆశీస్సులు.

కార్డు దాచిపెట్టు. పోస్టుమాన్ చదివితే చదవనీ. పదహారేండ్లు వచ్చేదాకా ఆ గుంటను దుపట్టా కింద దాచుకునిన బిడ్డ, తానే చెప్పేదాకా ఎవరికీ చూపొద్దు.

నీ చెల్లెలు
మునెమ్మ