కప్పమంత్రి నత్తి

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. అమ్మ కంటికి కట్టు విప్పారు. విప్పగానే నా మొహం చూసి, "ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?" అంది. చూపు బాగా వచ్చిందని దాన్నిబట్టే తెలిసింది. నా మోకాళ్ళ సంగతి అడిగావు. బడిలో పసిపిల్లలతోపాటు కింద కూర్చోవడం సులువే, లేవడమే గగనంగా ఉంది.

ఇక నువ్వడిగిన అసలు విషయం. అవును, నీ పాత స్నేహితుడు తీసిన కార్టూన్ సినిమా మా కమిటీకే వచ్చింది. టీవీలో వేసేముందు ఏది ఏ వయసు పిల్లలకు తగునో తేల్చేది ఈ కమిటీయే. అందులో ఒక పిల్లల డాక్టరుగారు, రిటైరైన హెడ్మిస్ట్రెస్‌గారు, పసిపిల్లల బడి నడుపుతున్నానని నేను. "అతని మీద కోపంతో తీర్పు చెప్పకు" అని రాశావు. నువ్వెప్పుడూ అంతే, చెంపదెబ్బ కొట్టినవాణ్ణి చెయ్యి నొప్పెట్టిందా అని అడిగే రకం. నేను అలాంటిదాన్ని కాను.

కథేమిటంటే, ఒక రాజుగారి మీసం అలిగి పారిపోతుంది. దాన్ని వెతకడానికి యువరాణి ఎగిరే గుమ్మడికాయ ఎక్కి బయలుదేరుతుంది. ఆ మీసం సముద్రం ఈదుతుంది, మబ్బుల మీద జారుతుంది, చివరికి ఒక పిల్లి మూతి మీద కాపురం పెడుతుంది. తలాతోకా లేని కథే గానీ ముచ్చటగా ఉంది. డాక్టరుగారైతే పొట్ట పట్టుకుని నవ్వారు.

యువరాణి వెంట ఒక కప్పమంత్రి ఉంటాడు. వాడికి నత్తి. వాడు "మ... మ... మీ..." అంటూ ఉండగానే మీసం దాటిపోతుంది. మాట రానప్పుడల్లా అరచేత్తో తొడ మీద తట్టుకుంటాడు. అది చూడగానే నా ఒళ్ళు భగ్గుమంది. ఆ తట్టు నీది. ఇద్దరూ ఒకే గదిలో ఉండి బొమ్మలు నేర్చుకునే రోజుల్లో అతను నలుగురిలో నిన్ను అనుకరించి నవ్వించేవాడు. చివరికి నోరు విప్పనక్కర్లేని పని కావాలని నువ్వు అంత దూరం పోయి దేశపటాలు గీసే ఉద్యోగంలో చేరావు. అది చాలక ఇప్పుడు నీ నత్తికి రంగులేసి అమ్ముకుంటున్నాడు.

కప్ప ఉంటే ఈ సినిమా పసిపిల్లలకు తగదన్నాను. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. పిల్లలు ఇలాంటివి మనసులో పెట్టుకోరన్నారు డాక్టరుగారు. అయితే మా బడిలో వేసి చూద్దామన్నాను. సరేనన్నారు.

పిల్లలు మీసాన్ని చూసి నవ్వారు, కప్పను చూసి ఇంకా నవ్వారు. మర్నాడు డాక్టరుగారు బడికి వచ్చేసరికి, తడబడుతూ మాట్లాడే ఒక పాపను మిగతావాళ్ళు చుట్టుముట్టి, తొడలు చరుచుకుంటూ "మ మ మంత్రీ" అంటున్నారు. ఆ పాప మంచినీళ్ళు అడగబోయి, ఆగిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ సాయంత్రమే ముగ్గురం ఒకే మాట చెప్పాం. కప్ప ఉన్నంతవరకూ ఈ సినిమా చిన్నపిల్లలకు వద్దని.

అతను పరుగున వచ్చాడు. నేనెవరినో అప్పుడు గుర్తుపట్టాడు. కప్పను తీసేస్తే సగం కథ కొట్టుకుపోతుందని చెప్పబోయి తడబడ్డాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి, "తొందరేం లేదు. తొడ మీద తట్టుకుని చెప్పండి," అన్నాను.

తల దించుకుని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ కసి తీరింది. ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఇక్కడితో ఆపి కాగితం మడుద్దామనుకున్నాను, చేతులు రాలేదు.

ఆ పాపకు ఏమవుతుందో నాకు ముందే తెలుసురా. నీతో కలిసి పెరిగినదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది? సినిమా రోజున పిల్లకు ఒంట్లో నలతగా ఉంది, మానిపిస్తానని వాళ్ళమ్మ అంటే, ఫరవాలేదు పంపించమని బతిమాలింది నేనే. మర్నాడు పిల్లలు వెక్కిరిస్తుంటే, డాక్టరుగారు గుమ్మంలో అడుగుపెట్టేదాకా ఆపకుండా గోడవార నిలబడి చూశాను. నాకు సాక్ష్యం కావాలి మరి.

అప్పటినుంచి ఆ పాప బడిలో పెదవి విప్పడం లేదు. రేపు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్తాను. అతని మీద పగ చల్లారిందని అబద్ధం రాయను. మళ్ళీ చేతికి చిక్కితే మళ్ళీ వదలను. కానీ ఈ పిల్ల నోరు మూయించింది నేను.

అందుకే అడుగుతున్నాను, సెలవు పెట్టి ఒకసారి రా. ధైర్యవచనాలేం వద్దు. దాని పక్కన కూర్చుని బొమ్మ గీస్తూ, నీకు మాట ఎలా వస్తే అలా మాట్లాడు. తట్టుకోవలసి వస్తే దాని ముందే తట్టుకో. నేను ఆ గదిలోకి రాను. ఆ తర్వాత నువ్వు నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా రైలెక్కినా, నేనేమీ అనుకోను.

ఇట్లు,
నీకంటే ముందు పుట్టిన పాపానికి
అక్క