మహిళా బెటాలియన్‌కి వెళ్లేలోగా

ఏప్రిల్ 4
గోదాముల చివరిదాకా పరుగు. తిరిగి వస్తూ వాంతి. టీ, బిస్కెట్టు, మొత్తం. నది కట్ట మీద క్లబ్బు కుర్రాళ్ల చప్పట్లు. "కీ రే మద్రాసీ, పులిశ్ హొబి?" పోలీసువవుతావా అని, బెంగాలీలో. అవుతాను. అయ్యాక ఈ దారిలోనే వస్తాను, చూడండి.
వాళ్ల మధ్య మా అన్నయ్య. నవ్వలేదు. అదే ఇంకా మండింది.

ఏప్రిల్ 5
కుడి మోకాలు వాచింది. అమ్మ చూసింది. సాయంత్రం ప్రార్థనలో, నాకు వినబడేలా — "పెబువా, దాని మోకాలు అలాగే ఉంచు తండ్రీ. ఇల్లు దాటనీకు." నాన్న ఆమెన్ అన్నాడు. అలవాటు కొద్దీ అన్నాడో, మనసారా అన్నాడో.
నేను అనలేదు.

ఏప్రిల్ 9
బెటాలియన్ ఉత్తరంలో జూన్‌లో రమ్మన్నారు. ట్రైనింగులో అందుకోలేనివాళ్లను ఇంటికి తిప్పి పంపేస్తారట. ఈ ఇంటికి. ఈ మూడు మొహాల ముందుకు, పెట్టె మోసుకుని... చచ్చినా రాను. రేపటి నుంచి రెండు పూటలా పరుగు.

ఏప్రిల్ 12
గుడ్డు అడిగాను. "ఆడగుంటకి గుడ్డెందుకే" అంది అమ్మ. అన్నయ్యకి ఏడాది పొడుగునా పెట్టింది. సైన్యం సెలక్షన్‌లో ఛాతీ చాల్లేదన్నారని వాడు చెప్పాడు కాబట్టి — రోజూ పాలు, గుడ్లు. రెండోసారి వెళ్లాడు. మళ్లీ ఛాతీయే అన్నాడు.
ఛాతీ కాదు. చెవి. ఎడమ చెవి లోపల చిల్లు. వాడి ఏడో తరగతిలో నాన్న కొట్టిన దెబ్బకి రక్తం కారిన చెవి. హౌరా నుంచి బస్సులో వస్తూ నాకొక్కదానికే చెప్పాడు. "నాన్నకి తెలీకూడదు మార్తా." చెప్పలేదు. అయినా నా ఉత్తరం వచ్చిన రోజు నుంచి వాడి చూపు... నేనేదో వాడి ఉద్యోగం దొంగిలించినట్టు.

ఏప్రిల్ 17
పాత గోదాము దూలానికి తాడు. అన్నయ్య ఎప్పుడో తన కోసం కట్టుకున్నది, ఊరికే వేలాడుతోంది. పొద్దున్న ఎక్కాను. సగం దాకా. అరచేతులు చిట్లాయి. సాయంత్రం వెళ్తే తాడు లేదు.
"గంగలో పారేసినాను" అన్నాడు, అన్నం కలుపుకుంటూ. "నా తాడు. నా ఇష్టం."
వాడి కంచంలో ఉమ్మాలనిపించింది.

ఏప్రిల్ 18
నది ఘాటు మెట్ల దగ్గర ఇనుప కమ్మీ ఉంది. దానికి వేలాడాను. తాడు లేకపోతే చచ్చిపోతానా.

ఏప్రిల్ 26
శిఖాదీ సెలవు మీద వచ్చింది. మా వీధి నుంచి బెటాలియన్‌కి వెళ్లిన మొదటి మనిషి. భుజాలే మారిపోయాయి. ఏది కష్టం అని అడిగాను. పరుగు కాదట. తిట్లట. ముక్కుకి ముక్కు ఆనించి అమ్మనీ నాన్ననీ పుట్టుకనీ తిడతారట. "జవాబు చెప్పావా, అయిపోయావు. గోడ చూడు, గోడ." చెబుతూ నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. నా నోరు నాకు తెలుసు.

మే 1
ఎర్రజెండా పట్టుకుని నాన్న ఓడరేవు డాకు యూనియన్ ఊరేగింపుకి. గుమ్మం దగ్గర ఆగి — "సమ్మె సేసినోల్ల మీద లాఠీ ఎత్తే ఉద్దోగం. రేపు నన్నే కొడతావేటి?" జవాబు నాలుక చివర ఉంది. మింగాను. గోడ చూశాను. గోడ మీద యేసు పటం. ఆయనా నన్నే చూస్తున్నాడు. కళ్లు దించుకున్నాను.

మే 6
అన్నయ్య కనిపెట్టేశాడు. "ఏటే, ఏటన్నా పలకవు?" శిఖాదీ మాట చెప్పాను. "ఓహో" అన్నాడు. లేచి మొహం మీదకి వచ్చి అరిచాడు. హిందీలో. సెలక్షన్‌లో తను పడ్డ తిట్లన్నీ. నా బుగ్గ మీద వాడి తుంపర్లు. "గెడ్డం పైకి! నా కల్లల్లోకి కాదే, నా నెత్తి మీద నుంచి సూడు!"
నిలబడ్డాను.

మే 9
రోజూ, పరుగయ్యాక. నేర్పుతున్నాడా, కసి తీర్చుకుంటున్నాడా? అడగను. పనికొస్తోంది.

మే 15
బంద్. బస్సు లేదు, లారీ లేదు. గార్డెన్ రీచ్ రోడ్డంతా నాదే. ఆగకుండా వంతెన దాకా, తిరిగి ఇంటిదాకా. వాంతి లేదు. నడిరోడ్డు మీద క్రికెట్ ఆడుతున్న క్లబ్బు వాళ్లు పక్కకి తప్పుకున్నారు. ఒక్కడూ నోరెత్తలేదు.

మే 21
జడ తీయించేశాను. "బొచ్చు తీసిన గొర్రెలాగున్నావు" అంది అమ్మ. అన్నం ముట్టలేదు. గోడ చూశాను.

మే 27
మొత్తం పాడు చేసుకున్నాను.
నాన్న పని నుంచి వచ్చి మంచం మీద పడుకున్నాడు. అన్నయ్య నా ముందు నిలబడి అరుస్తున్నాడు. మామూలు తిట్లే. తర్వాత గొంతు తగ్గించి తెలుగులోకి దిగాడు. "నువ్వెంత పరిగెత్తినా నీకు బందూకు ఇవ్వరే. ఆపీసర్ల ఇల్లల్లో అంట్లు తోమిత్తారు." అంతే. గోడ కనిపించడం మానేసింది.
"సెవికి సిల్లు పడింది నీకు, నాకు కాదు. నాన్న కొడితే పోయింది నీ సైన్యం. నామీద ఏడుత్తావేటి?"
నాన్న లేచి కూర్చున్నాడు. "ఏ సెవి?"
అన్నయ్య కొక్కెం మీది చొక్కా అందుకున్నాడు.
"ఏ సెవిరా?"
అన్నయ్య చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు.

మే 28
రాలేదు. సాల్ట్ లేక్‌లో కట్టడం పని చేసే స్నేహితుడి దగ్గర ఉన్నాడట. అమ్మ నాతో మాట్లాడదు. నాన్నతోనూ మాట్లాడదు.
నిజమే కదా నేను చెప్పింది.

మే 31
నాన్న పని మానేసి సాల్ట్ లేక్ వెళ్లాడు. జ్వరంతో కూడా డాకుకి వెళ్లే మనిషి. తిరిగొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. కనబడ్డాడా అని అమ్మ అడిగింది.
"కనబడ్డాడు. అదేటీ లేదు నాన్నా, అన్నాడు. పన్లోకెల్లిపోనాడు." అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "మొకం మీద సెయ్యెయ్యబోతే... ఎనక్కి జరిగిపోనాడే."

జూన్ 2
పరిగెత్తాను. అరిచేవాళ్లు లేరు. ఎవరూ తిట్టకపోతే ఎవరైనా నిలబడతారు. దానికేం గొప్ప. వాడి మీద కోపం పోలేదు. చేసినదానికి నాకు బాధ కూడా లేదు.
అబద్ధం.

జూన్ 5
హౌరా స్టేషను. పెట్టె మీద కూర్చుని రాస్తున్నాను. అమ్మ గడప దాటలేదు. నాన్న మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. నానెల్లగలను, రావద్దన్నాను. "నీకోసం కాదే. ఆడు గాని ఒత్తాడేమోనని."
బండి వచ్చింది. ఆడవాళ్ల బోగీ ముందుందంటున్నారు. నాన్న నాకు వీపు పెట్టి గేటు వైపు నిలబడ్డాడు. జనం తోస్తున్నారు, తను జరగడం లేదు.
పిలిచాను. ఇంకా అటే చూస్తున్నాడు...