మడత కెమెరా, చెడిపోయిన ఫొటో

అచ్చాఫీసులో ముప్ఫై నాలుగేళ్లు ప్రూఫులు దిద్ది, అందరిచేతా కామా అక్కయ్య అనిపించుకున్న నేను, డెబ్బై మూడో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, స్వహస్తంతో రాసుకున్న వీలునామా. దీన్ని అమలు జరిపే బాధ్యత కింది వాటా కాంపౌండరు గారిది. వారానికోసారైనా నా తలుపు తట్టే మనిషి ఆయనొక్కరే.

1. నేనుంటున్న రెండు గదులూ, బ్యాంకులో ఉన్నదీ నా చెల్లెలికి సర్వహక్కులతో చెందాలి. "పెళ్లీ పెటాకులూ లేకుండా ఆ డబ్బా పట్టుకుని ఊరేగుతావేమిటే" అని నలుగురిలో నవ్వినందుకు పదకొండేళ్లు దానితో మాట్లాడలేదు. తప్పు దానిదే. ఆ పదకొండేళ్లూ బరువైంది మాత్రం నాకు.

2. నా భూతద్దం కాంపౌండరు గారికి. డాక్టర్ల చేతిరాత చదువుకోవడానికి పనికొస్తుంది.

3. ఆ డబ్బా, అంటే నా మడత కెమెరా, మా ఆఫీసు బైండరు గారి అమ్మాయికి. ఆమె నన్ను ఒక్కసారే చూసింది, తండ్రి పోయిన రోజున, గుంపులో. అమ్మా, ఇక్కణ్ణుంచి నీకే రాస్తున్నాను. మూత తెరిచి లాగితే అద్దం వెనకున్న మడతల తోలు తిత్తి బయటికొస్తుంది. ఫిల్ము రోలుకు ఎనిమిదే బొమ్మలు. ఒక్కోదాని కోసం వంతెన మీద గంటసేపు నిలబడి ఎండ వాలడం చూసేదాన్ని. నా ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. తిత్తికి చిల్లిపడి బొమ్మలన్నిటా తెల్లమచ్చ వస్తుంటే, మీ నాన్నగారు పుస్తకాలకు వేసే నల్లగుడ్డ అతికించి బాగుచేశారు. "ఇక చుక్క వెలుతురు కారదు లెండి" అన్నారు.

4. కెమెరాతో పాటు కవరులో ఉన్న ఫొటో కూడా నీకే. ఆ వంతెన మీద మీ నాన్నగారిని తీశాను. "ఎప్పుడూ మమ్మల్నే తీస్తారు, మీరూ నిలబడండి" అంటూ కెమెరా అందుకుని ఆయన నన్ను తీశారు. నడుమ ఫిల్ము తిప్పడం ఇద్దరమూ మరిచాం. బొమ్మ మీద బొమ్మ పడింది. ఆయన భుజంలో నా ముఖం. స్టూడియో అతను "చెడిపోయిందమ్మా, పారెయ్యనా?" అంటే లాక్కున్నాను.

"ఎలా వచ్చిందండీ?" అని ఆయన రెండుసార్లు అడిగారు. "రాలేదండీ" అన్నాను. చూపిస్తే ఏమనేవారో తెలియదు. చూపించే ధైర్యం కూడగట్టుకునేలోగా ఆయనకు పెళ్లి కుదిరింది. శుభలేఖ మా దగ్గరే అచ్చయింది. ప్రూఫు నా బల్ల మీదికే వచ్చింది.

ఒక్క అచ్చుతప్పూ పోనివ్వలేదు.

తేదీ: ఈ నెల తొమ్మిది, గురువారం.

(సంతకం) కామా అక్కయ్య

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
ఎదురింటి టైలరు
మా వీధి పోస్టుమాన్