ఎడమ పక్క పెట్టె

మా అక్కయ్యకు,

నీ గాబరాపిల్ల మళ్లీ రాస్తోంది. ఉత్తరం చూడగానే నువ్వేమీ కంగారు పడకు, అందరం కులాసాగానే ఉన్నాం. కంగారు పడటానికి నేనొక్కదాన్ని చాలు. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో, నా చదువు సంగతి నీకు తెలిసిందే.

ముందుగదిలో మీ మరిదిగారి యాంప్లిఫయర్లు రెండు ఉన్నాయి కదా, కుడి పక్క స్పీకరుకి ఒకటి, ఎడమ పక్క స్పీకరుకి ఒకటి. పైన గాజు బల్బులు ఎర్రగా వెలుగుతుంటే నువ్వు చూసి, "ఇవేమిటే, పొయ్యిలు రాజేసి పెట్టావా" అన్నావు. అవి పాడైపోయాయట. మొన్న ఆయనకి గట్టిగా జలుబు చేసింది. కాస్త తగ్గి మంచం దిగిన సాయంత్రం కుర్చీలో కూర్చుని వయొలిన్ రికార్డు పెట్టుకున్నారు. నాలుగు నిమిషాలైనా కాలేదు, అన్నీ కట్టేసి, ప్లగ్గులు పీకి, పైన దుప్పటి కప్పేశారు. "పోయాయి" అన్నారు, అంతే. ఎలా పోయాయండీ అంటే జలుబు మాత్ర ఎక్కడ పెట్టావని అడిగారు.

పాడైతే బాగుచేయించుకోవచ్చు కదా అక్కయ్యా. ఈయన దగ్గర పని నేర్చుకున్న మెకానిక్, సంగతి తెలిసి తనంతట తనే వచ్చాడు. ఆయన దుప్పటి కూడా ఎత్తనివ్వలేదు.

"గురువుగారూ, ఒక్కసారి మూత విప్పి చూస్తాను. అంత ఖరీదైన సామాను, ఊరికే వదిలేస్తారా?"

"చూడటానికేం లేదు. రిపేరుకి పెట్టే డబ్బుతో కొత్త సెట్టు వస్తుంది. కొనేవాడుంటే చెప్పు, ఉన్నవి ఉన్నట్టు ఇచ్చేస్తాను."

"కొత్త సెట్టా? కొత్తవాటిని మీరు చిడతల డబ్బాలంటారు కదండీ."

ఆయన నవ్వలేదు. పెద్దది ఫోను చేసి ఖర్చు నేను పెట్టుకుంటాను నాన్నా అంది. వద్దన్నారు. వాటిని తుడవడానికి నన్ను కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు, అలాంటి మనిషి వదిలించుకోవాలని చూస్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. పైగా కొత్తగా కట్టిన హాలువాళ్లు సౌండు సరిచూసి పెట్టమని కబురు పెట్టారు. ఆ పనంటే ప్రాణం పెట్టే మనిషి, వాళ్లకి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నాకు చెప్పకుండా ఏదైనా పెద్ద జబ్బు దాచుకున్నారేమోనని తిన్నది ఒంటబట్టడం లేదు. ఏం చెయ్యమంటావో రాయి.

నీ చెల్లెలు,
గాబరాపిల్ల


అక్కయ్యా,

నీ జవాబు అందింది. "అడిగితే చెప్పని మగాణ్ణి అడగడం మానేసి పక్కన కూర్చో" అని రాశావు. అలాగే చేశాను. ఆయన చొక్కాకి గుండీ కుడుతూ పక్కనే కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో నీకు తెలుసు. సగం గుండీ కుట్టేసరికి ఆయనే అన్నారు.

"యాంప్లిఫయర్లకి ఏమీ కాలేదే. నా ఎడమ చెవి పోయింది."

సూది వేలిలో దిగింది. జలుబు చేసినప్పుడు ఆ చెవి దిబ్బడ వేసిందట. తగ్గాక ఎలా ఉందో చూసుకుందామని ఆ వయొలిన్ రికార్డు పెట్టుకుంటే కుడి పక్క మామూలుగానే ఉంది, ఎడమ పక్క మాత్రం ఎక్కడో గోడ అవతల వాయిస్తున్నట్టు వినబడిందట. చెవి పోయిందని చెప్పుకోలేక, అవి పోయాయని చెప్పారు. మెకానిక్ మూత విప్పితే, ఇవి నిక్షేపంలా ఉన్నాయి గురువుగారూ, అంటాడు కదా. అందుకే దుప్పటి ఎత్తనివ్వలేదు.

"నా మాట వినబడుతోందిగా మీకు?" అన్నాను.

"నీ మాట పక్క వీధికి కూడా వినబడుతుంది. అదొక లెక్కా?"

"పోనీ, చెవుల డాక్టరు దగ్గరికి వెళదాం."

"ఆయన కూడా పోయిందంటే? ఇప్పుడైతే నాకొక్కడికే తెలుసు."

"జలుబు వల్లే అయ్యుంటుందండీ. నాలుగు రోజులాగి మళ్లీ పెట్టి చూడండి."

"ఇన్నేళ్లలో ఆ పెట్టెలు నాతో ఒక్క అబద్ధం ఆడలేదే. వాటినీ నా చెవినీ పక్కపక్కన నిలబెట్టి ఎవర్ని నమ్ముతావంటే, నేను వాటినే నమ్ముతాను. మళ్లీ అడిగి మళ్లీ అదే మాట అనిపించుకోమంటావా?"

హాలు మధ్యలో కూర్చుని, ఏ పక్క ఎంత ఉండాలో చెవితోనే చెప్పే మనిషి అక్కయ్యా. ఇప్పుడు ఆ హాలువాళ్లకి రానని చెప్పేస్తారట. పెట్టెలు కొనడానికి కూడా ఎవరో వస్తున్నారు. పెద్దదానికి చెప్పొద్దన్నారు, అందుకని చెప్పలేదు. నీకు చెప్పొద్దని అనలేదు.

నాకిప్పుడు ఇంకో భయం పట్టుకుంది. బాగున్నవాటిని పాడైపోయాయని చెప్పి కారుచౌకగా ఇచ్చేస్తే, రేపు మనసు మారాక ఎవర్ని అడుగుతాం? ఆయన బయటికి వెళ్లినప్పుడు ఒకసారి పెట్టి చూసి, నిజంగా బాగున్నాయని తేలితే అమ్మకానికి అడ్డుపడదామని ఉంది. కానీ కరెంటంటే నా భయం నీకు తెలుసు. నాకేమైనా అయితే నా కొత్త పట్టుచీర నువ్వే తీసుకో.

నీ చెల్లెలు


మా అక్కయ్యకు,

పట్టుచీర మీద ఆశ వదులుకో. నేను బాగానే ఉన్నాను.

ఆయన గడ్డం గీయించుకోవడానికి వెళ్లగానే రబ్బరు చెప్పులు వేసుకున్నాను. ప్లగ్గులు పెట్టి, మీట మాత్రం చెక్క గరిటెతో నొక్కాను. బల్బులు ఎర్రబడ్డాయి. అదే రికార్డు పెట్టి ఆయన కుర్చీలో కూర్చున్నాను. వయొలిన్ కుడి పక్క నుంచే వస్తోంది. ఎడమ పక్క, ఆయన చెప్పినట్టే, గోడ అవతల ఉన్నట్టుంది.

 ఏమనుకున్నానంటావు? నా ఎడమ చెవి కూడా పోయిందనుకున్నాను. ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆయన చెవి జబ్బు నాకూ అంటుకుందేమోనని. నవ్వకు. మంచి చెవితో విందామని లేచి వెళ్లి, కుడి చెవిని ఎడమ స్పీకరుకి ఆనించాను. గొణుగుడే. అయితే కుడి చెవి కూడా పోయిందనుకుని కూలబడబోయాను. చివరికి ఎడమ చెవి తీసుకెళ్లి కుడి స్పీకరు దగ్గర పెడితే, చెవిలో ఇల్లు కట్టుకుని వాయించినట్టు వాయించింది. ఎగిరి వెనక్కి పడ్డాను.

అప్పుడు బుర్ర పనిచేసింది. చెవి మార్చినా గొణిగేది ఎడమ పెట్టే. ఆయన ఆడిన అబద్ధం నిజమే అక్కయ్యా. అది పాడైపోయింది.

చెబితే నమ్మరు, ఓదార్చడానికి అల్లావంటారు. అందుకని కుర్చీని తిప్పి, వీపు స్పీకర్ల వైపు, ముఖం గోడ వైపు వచ్చేలా పెట్టాను. ఆయన నున్నటి గడ్డంతో వచ్చి, వెలుగుతున్న బల్బులు చూసి కోపంగా, "ఎవరు ముట్టుకోమన్నారు?" అన్నారు.

"తర్వాత తిడుదురుగాని. ముందు కూర్చోండి."

"గోడ వైపా? నాకేమైనా శిక్షా ఇది?"

"శిక్షే. కూర్చోండి."

కూర్చున్నారు. రికార్డు మళ్లీ మొదట్నుంచి పెట్టాను.  మెల్లగా చెయ్యెత్తి ఎడమ చెవి మూసుకున్నారు. తీశారు. మళ్లీ మూసుకున్నారు, తీశారు. కుర్చీ తిప్పాక కుడి స్పీకరు ఆ చెవి పక్కకి వచ్చింది కదా, వయొలిన్ ఇప్పుడు అటే మోగుతోంది. నేను ఆయన ముఖం చూడలేదు, గోడ వైపు ఉంది. చెవి తమ్మె మాత్రం పట్టుకుని వదల్లేదు.

"మెకానిక్‌ని పిలువు" అన్నారు. 

మెకానిక్ విప్పి చూశాడు. ఎడమదానిలో కండెన్సర్లు ఎండిపోయి ఉబ్బిపోయాయట, కుడిదానిలోవీ అదే దారిలో ఉన్నాయట. ఒక్కటే బాగుచేస్తే రెండూ ఒకేలా పలకవు, చేస్తే రెండూ చెయ్యాలి, సామాను దొరకడమే కష్టం, కొత్త సెట్టంత ఖర్చవుతుంది అన్నాడు. కొనడానికి వచ్చినవాడు గుమ్మంలోనే ఉన్నాడు.

"రెండూ చెయ్యి" అన్నారు ఆయన. వచ్చినవాడికి మంచినీళ్లిచ్చి పంపించాను.

పెట్టెలు దుకాణంలో ఉన్నన్నాళ్లూ ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగారు. చెవుల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాను. వయసుకి తగ్గ అరుగుదల రెండు చెవుల్లోనూ కాస్త ఉందట, సమానంగా ఉందట. సమానంగా అన్న మాట దారంతా పదిసార్లు అనుకున్నారు. హాలువాళ్లకి వస్తానని చెప్పారు. నిచ్చెన మీదికి మాత్రం ఎక్కనివ్వొద్దని వాళ్లకి నేను విడిగా చెప్పాను.

నిన్న సాయంత్రం పెట్టెలు వచ్చాయి. బల్బులు వెలిగాయి. ఆయన తన కుర్చీలో కూర్చోకుండా నన్ను కూర్చోమన్నారు.

"నాకేం తెలుసండీ?"

"కనిపెట్టింది నువ్వేగా. రెండు పక్కలా ఒకేలా ఉందేమో విని చెప్పు."

విన్నాను. భయం భయంగానే, "కుడి పక్క ఒక్క పిసరు ఎక్కువుంది" అన్నాను. ఆయన వంగి మీట కొంచెం తిప్పారు. వయొలిన్ వచ్చి మధ్యలో, సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా నిలబడింది. బాగుందన్నాను.

"నాకూ అలాగే వినబడుతోంది" అన్నారు, నా ఎడమ పక్కన నేల మీద కూర్చుంటూ.

ఆ చలవరాళ్ల మీద కూర్చుంటే మళ్లీ జలుబు చేస్తుందేమోనని నా భయం. లేచి చాప తెచ్చి వేశాను.

నీ చెల్లెలు,
రెండు చెవులూ బాగున్న గాబరాపిల్ల